పట్టాలు దాటాక ఒక చెయ్యి

ముందు పోయినవి చెబుతాను. పెన్సిళ్ళు పదకొండు, అన్నీ ఆ రెండు సీట్ల విమానంలో సీటు కిందికి దొర్లిపోయినవే. మ్యాపులు రెండు, ఒకటి కిటికీ తెరిచినప్పుడు గాలికి పోయింది, రెండోదాని మీద టీ ఒలికింది. టోపీ ఒకటి. ఒంట్లో ఆరు కిలోలు. ఇంట్లో లేకుండా గడిచిపోయిన పెళ్ళిరోజులు రెండు. ఎడమ చెవిలో సన్నటి శబ్దాలు కొన్ని: కుక్కర్ విజిల్ వినపడుతుంది గాని మైక్రోవేవ్ బీప్ వినపడదు. చివరిగా, ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క మచ్చ లేకుండా ఉన్న ఒకావిడ రికార్డు. దాన్ని ఎంత అని వేసుకోవాలో తెలియక ఒకటి అని వేసుకున్నాను.

చెవి సంగతి వదిలేసి కూడితే ఇరవై మూడు. పెన్సిళ్ళనీ పెళ్ళిరోజులనీ ఒకే వరసలో కూడకూడదని నాకూ తెలుసు. కానీ చెయ్యి ఊరుకోదు.

నేను ఇంటర్‌లో లెక్కలు తప్పినవాణ్ణి. తర్వాత వచ్చిన లెక్కలన్నీ పనిలో నేర్చుకున్నవే. తూర్పు కెనడాలో వాన్ అనే ఊళ్ళో ఒక గిడ్డంగిలో లోడ్ ప్లానర్‌ని. ట్రైలర్‌లో సరుకు పేర్చిన ఏ ప్యాలెట్ ఎక్కడ పెడితే ఏ ఇరుసు మీద ఎంత బరువు పడుతుందో లెక్కగట్టడం నా ఉద్యోగం. నలభై ఏడేళ్ళ వయసులో కంపెనీవాళ్ళు పడమటి మైదానాల్లో కొత్త గిడ్డంగి తెరిచి, రెండేళ్ళు అక్కడ ఉండి పని గాడిలో పెట్టి రమ్మన్నారు.

కెనడాలో ఎడారేమిటని మా ఆవిడ నవ్వింది. ఉంది. ఇసుక దిబ్బలున్నాయి, అరచేతి ఎత్తు ముళ్ళ మొక్కలున్నాయి, వేసవిలో ఎండిపోయి ఉప్పు పేరుకుని తెల్లగా మెరిసే చెరువులున్నాయి. ఊరికి తూర్పున వైమానిక దళం శిక్షణ స్థావరం ఉంది. పొద్దున ఎనిమిదింటికి మొదలయ్యేవి జెట్లు, ఎప్పుడూ జంటగానే. నేను కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టేవాణ్ణి. వెళ్ళినవి పద్నాలుగు, వచ్చినవి పన్నెండు. మిగతా రెండూ దిగేదాకా టిఫిన్ ముట్టేవాణ్ణి కాదు.

ఆ రెండేళ్ళలో ఒక్కచోట కుదురుగా కూర్చున్నట్టు గుర్తు లేదు. శని ఆదివారాలు కారేసుకుని తిన్నగా ఉన్న రోడ్ల మీద ఊరికే తిరిగేవాణ్ణి. అలా తిరుగుతూనే ఒక మట్టిదారి చివర చిన్న రన్‌వే, రేకుల షెడ్డు చూశాను. షెడ్డు మీద ‘ఎగరడం నేర్పబడును’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు బోర్డు. దిగి లోపలికి వెళ్ళాను.

ఫోన్లో చెబితే మా ఆవిడ, “ఏమండీ, నేల మీదే ఒక్కచోట కూర్చోవడం రాదు మీకు. గాల్లో కూర్చుంటారా?” అంది. వెనకనుంచి మా అమ్మాయి, “నాన్నా, ఈజ్ ఇట్ ఈవెన్ సేఫ్?” అని అరిచింది.

“సేఫేనమ్మా. లెక్క ప్రకారం పోతే సేఫే,” అన్నాను.

నేర్పే ఆవిడకి అరవై దాటాయి. పొట్టి మనిషి, సీటు మీద రెండు దిండ్లు వేసుకుని కూర్చునేది. ఫిజీలో పుట్టి, చిన్నప్పుడే బ్రిటిష్ కొలంబియాకి వచ్చినావిడ. వాళ్ళ ముత్తాతలు చెరకు తోటల్లో పనికి మన కోస్తానుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళట. మాటంతా ఇంగ్లీషే. తెలుగులో ఆవిడకి మిగిలినవి వాళ్ళ నాయనమ్మ నేర్పిన అంకెలు, వంటింటి మాటలు కొన్ని, ‘బాబూ’ అనే పిలుపు. నేను మొదటి రోజు మేడమ్ అన్నాను. “మేడమ్ ఎవరు? ఇక్కడ మేడమ్ లేదు,” అంది. రెండో రోజునుంచి అక్కా అన్నాను.

నాతో ఆవిడకి వచ్చిన తంటా ఒకటే. నేను కిందికి చూస్తాను. ఒళ్ళో కాగితం, మెడలో స్టాప్‌వాచ్, చెవిలో పెన్సిల్. గాలి ఇంత, వేగం ఇంత, అయితే జరిగేది ఇంత అని వేసుకుంటూ ఉంటే విమానం తన దారిన తను ఒక పక్కకి ఒరిగేది.

“బాబూ, ఆకాశం ఎక్కడుంది?”

“పైన అక్కా.”

“మరి నీ కళ్ళెక్కడున్నాయి?”

పదకొండో పెన్సిల్ కూడా సీటు కిందికి పోయిన రోజు ఆవిడ స్టాప్‌వాచ్ తీసి తన జేబులో వేసుకుంది. “చూపు బయట. లెక్క చేతిలో,” అని తన కుడిచెయ్యి చూపించింది. పానెల్ మీద గడియారం ఉంది; సెకన్ల ముల్లు పైకొచ్చినప్పుడల్లా బొటనవేలు ఒక కణుపు జరపాలి. ఒక నిమిషానికి ఒక కణుపు. నాయనమ్మ చెరకు కట్టలు అలాగే లెక్కపెట్టేదట. నాకు ప్రాణం లేచొచ్చింది. రైస్‌మిల్లులో బస్తాలు లెక్కపెట్టిన మా మేనత్త దగ్గర నేను చిన్నప్పుడు నేర్చుకున్నదీ అదే. సముద్రాలు దాటి వెళ్ళిన లెక్క, నేను తెచ్చుకున్న లెక్క, ఆ రేకుల షెడ్డు ముందు కలిశాయనుకుని చాలా సంబరపడ్డాను. ఆవిడ “నాలుగు” అంటే నేను “ఐదు” అనేవాణ్ణి. ఆరు, ఏడు, ఎనిమిది దాకా ఇద్దరం కలిసి లెక్కపెడుతూ ఎగిరాం. చెయ్యి నిండేదాకా మాత్రం ఎప్పుడూ పోలేదు.

లైసెన్సుకి కావలసినవి చాలా ఉన్నాయి గాని చివరికి నాకు మిగిలింది ఒక్కటి. ఒంటరిగా దూరం వెళ్ళి రావడం మొత్తం ఐదు గంటలు ఉండాలి; అందులో ఒక పెద్ద చుట్టు, మధ్యలో రెండు వేరే చోట్ల దిగి మళ్ళీ ఇంటికి రావాలి. చిన్న ట్రిప్పులు కలిపి రెండు పాయింట్ నాలుగు గంటలయ్యాయి. ఆ పెద్ద చుట్టు ఒక్కటి తిరిగివస్తే ఐదూ నిండుతాయి. సెప్టెంబరు చివర నేను వాన్‌కి తిరిగి వెళ్ళిపోవాలి. ఆవిడ కూడా అప్పుడే మానేస్తానంది. “ముప్పై ఒక్క ఏళ్ళు బాబూ. ఎవర్నీ సగంలో వదల్లేదు. ఆఖరువాడివి నువ్వు,” అంది.

సెప్టెంబరు మొదటి శనివారం బయల్దేరాను. ఎక్కడో అడవులు తగలబడి పొగ దిగింది. ఆకాశం పలుచటి మజ్జిగలా ఉంది. నేను వారం రోజులు కూర్చుని వేసిన కాగితంలో మొదటి మలుపు ఒక చెరువు దగ్గర. ఆవైపు పొగ చిక్కగా ఉందని ఆవిడ విమానం పక్కనే నిలబడి ఆ మలుపు మార్చింది. రైలు పట్టాలు దాటి తిన్నగా తూర్పుకి పోవాలి. ఎలివేటర్ అని, ధాన్యం నిలవచేసే పొడుగాటి గోపురంలాంటి కట్టడం ఒకటి వస్తుంది. అక్కడ ఎడమకి తిరగాలి. ఇంకా ముందుకి పోతే నాలుగు మైళ్ళలో స్థావరంవాళ్ళ ఆకాశం, ఆ గీత దాటకూడదు.

“ఒక్క పది నిమిషాలక్కా, కాగితం మీద వేసుకుంటాను.”

“పది నిమిషాల్లో పొగ ఇక్కడికొస్తది. పో.” మ్యాపు మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ తన కణుపుల మీద లెక్క చూసుకుంది. “ఎలివేటర్ కనబడకపోతే భయం లేదు. పట్టాలు దాటినాక ఒక చెయ్యి లెక్కపెట్టు. ఎడమకి తిరుగు.”

“ఒక చెయ్యి,” అన్నాను.

పట్టాలు బాగా కనిపించాయి. బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టాను. కళ్ళు బయటే ఉన్నాయి. నా జీవితంలో అంత బాగా ఎగిరింది లేదు. నాలుగు, ఎనిమిది. ఎలివేటర్ కోసం చూస్తున్నాను. పన్నెండు దగ్గర కింద ఒక తెల్లటి రోడ్డు అడ్డంగా పోయింది. ఈ రోడ్డు మ్యాపులో మలుపు దగ్గర ఉన్నట్టుందే అనిపించింది. ఒళ్ళోకి ఒక్కసారి చూస్తే తెలిసేది. చూడలేదు. రెండేళ్ళుగా కిందికి చూడొద్దని తిట్లు తిన్నవాణ్ణి. ఇవాళ చూడనని పంతం. పైగా చెయ్యి ఇంకా నిండలేదు. పదమూడు. పద్నాలుగు. పదిహేను. చిటికెనవేలి కొస మీద పదహారు.

ఎడమకి తిప్పబోతుంటే రేడియోలో నా విమానం నంబరు వినపడింది. చాలా మర్యాదగా, నిదానంగా, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు. నేను గీత దాటి రెండు మైళ్ళు లోపల ఉన్నానని, వెంటనే వెనక్కి తిరిగి బయల్దేరిన చోటికే వెళ్ళమని. తిరుగుతూ ఉంటే పైన పొగలోంచి రెండు జెట్లు కనిపించాయి. ముందుకి పోవడం లేదు. నేను బయటికి పోయేదాకా అక్కడే చుట్టూ తిరుగుతున్నాయి, జంటగా.

దిగేసరికి ఆవిడ షెడ్డు బయట నిలబడి ఉంది. ఫోన్ అప్పటికే వచ్చింది. తిట్టలేదు. లోపల కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

“నేనెంత చెప్పాను?”

“ఒక చెయ్యి.”

“చూపించు.”

చూపించాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆవిడ నా బొటనవేలు పట్టుకుని ఆపింది.

“ఈ నాలుగోది ఎక్కణ్ణించి వచ్చింది?”

“వేలి కొస అక్కా. మూడు కణుపులు, ఒక కొస. వేలికి నాలుగు. చేతికి పదహారు.”

“కొస లెక్కేంటి? కొసకి కణుపు ఏది?” తన చెయ్యి నా ముందు పరిచింది. “మూడు. మూడు. మూడు. మూడు. పన్నెండు. దొర డజన్లలో అడిగేవాడట, నాయనమ్మ డజన్లలో చెప్పేది.”

“మా మేనత్త అణాల్లో నేర్చుకుంది. రూపాయికి పదహారు.”

ఇద్దరం మా చేతులు చూసుకుంటూ కూర్చున్నాం. నిమిషానికి మైలున్నర, నాలుగు నిమిషాలకి ఆరు మైళ్ళు, గీతకి నాలుగు, లోపలికి రెండు. లెక్క ఎక్కడా తప్పలేదు. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

విమానాల అధికారులు మా ఇద్దర్నీ కారణం రాసివ్వమన్నారు. మలుపు కాగితం లేకుండా నోటితో చెప్పింది తనేనని, తప్పు తనదని ఆవిడ రాసింది. మ్యాపు ఒళ్ళో ఉంచుకుని దూరం కొలవనిది నేనని, తప్పు నాదని నేను రాశాను. ఒకరి కాగితం ఒకరికి చూపించుకోలేదు. నన్ను ఒకసారి ఆవిడతో కలిసి ఎగిరి, మళ్ళీ సంతకం చేయించుకున్నాకే ఒంటరిగా వెళ్ళమన్నారు. నేర్పే మనిషిగా ఆవిడ రికార్డులో ఒక హెచ్చరిక చేరింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిది.

పొగ మూడు వారాలు తెరిపివ్వలేదు. ఆఖరి గురువారం కాస్త విడితే ఇద్దరం ఎగిరాం, ఆవిడ సంతకం పెట్టింది. శుక్రవారం మళ్ళీ కమ్ముకుంది. శనివారం నా సామాను ట్రక్కెక్కింది. నేను కారెక్కేముందు స్టాప్‌వాచ్ నా చేతిలో పెట్టి, “మిగిలింది పూర్తి చెయ్యి. నాకు చెప్పు. నిన్నొక్కణ్ణి సగంలో వదిలాను,” అంది.

అది జరిగి నాలుగేళ్ళు. ఇప్పుడు గిడ్డంగిలో ఎవరైనా “ఒక వరస ఎక్కించాం” అంటే ఊరుకోను. వరస అంటే ఎన్ని, అంకె చెప్పు అంటాను. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే నిజామాబాద్ ఆయన, నా ఈడువాడే, విసుక్కుంటాడు. “ఏందన్నా, వరస అంటే వరసనే గదా. ఇగ గోటి మీద గూడ లెక్కవెట్టమంటవా?”

ఆదివారాలు కారు దానంతటదే ఉత్తరానికి పోతుంది. అక్కడో చిన్న విమానాశ్రయం ఉంది. కంచె బయట నిలబడి ఎక్కినవీ దిగినవీ లెక్కపెట్టి వస్తాను. మెడికల్ సర్టిఫికెట్ రెన్యూ చేయించాను. ఇక్కడ ఎగరడం నేర్పే స్కూల్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండోసారి తేదీ కూడా ఇచ్చారు. ముందురోజు కూర్చుని దారంతా లెక్కవేశాను, సరిపోయింది. మళ్ళీ వేశాను, సరిపోయింది. ఏడోసారి కూడా సరిపోయాక ఫోన్ చేసి రానన్నాను. ఆ శనివారం కూడా నా లెక్క సరిపోయింది మరి.

“పోయి ఆ గంటలేవో పూర్తి చేసుకు రండి, లేకపోతే ఆ పుస్తకం ఎక్కడైనా దాచెయ్యండి,” అంటుంది మా ఆవిడ. “ఇంట్లో గడియారం ముల్లులా తిరుగుతున్నారు.”

ఎగిరిన గంటలు రాసుకునే ఆ పుస్తకం కారులోనే ఉంటుంది. చిన్న ట్రిప్పులు రెండు పాయింట్ నాలుగు. పొగలో వెళ్ళి వెనక్కొచ్చింది సున్నా పాయింట్ ఎనిమిది. మొత్తం మూడు పాయింట్ రెండు. ఐదులోంచి తీస్తే ఒకటి పాయింట్ ఎనిమిది.

మంచు కరగగానే ఏటా బ్రిటిష్ కొలంబియాలోని సర్రేనుంచి అక్క మెసేజ్ వస్తుంది. పలకరింపు ఉండదు. అదే అంకె, పక్కన ఒక ప్రశ్నార్థకం. ఈ ఏప్రిల్‌లోనూ వచ్చింది. ఇంకా జవాబివ్వలేదు. నిమిషాల్లోకి మారిస్తే ఆవిడ చేతులతో సరిగ్గా తొమ్మిది చేతులు. నా చేతులతో ఆరు చేతులు, మూడు వేళ్ళు. ఎవరి చేత్తో లెక్కపెట్టినా, ఆవిడకి నేను బాకీ ఉన్నవి నూట ఎనిమిది నిమిషాలు.