బండ మీద మా మేనత్త పేరు

నిన్న పొద్దున అద్దంకి బస్టాండులో టీ తాగుతుంటే ఎవడో నా చేతిలో కరపత్రం పెట్టిపోయాడు. రంగుల కాగితం. రెండు ఒంగోలు గిత్తలు, వాటి మధ్య దండ వేసిన మా మేనత్త ఫొటో, కింద పెద్దక్షరాల్లో ‘స్మారక బండలాగుడు పోటీలు’. టీ చేదెక్కింది. పోయినవాళ్లకు తద్దినం పెట్టడం చూశాను, ఎగ్గొట్టడమూ చూశాను. వాళ్ల చెంప పగలగొడుతూ నలుగుర్నీ రమ్మని కరపత్రాలు పంచడం మాత్రం ఇదే చూడటం.

ఆవిణ్ణి ఎరగనివాళ్లకు నా మంట అర్థం కాదు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మిరప కల్లం ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది. ఊళ్లో ఎవరికి పింఛను ఆగినా, కాలనీలో కుళాయి ఎండినా, ఏ పిల్లకు కాన్పు కష్టమైనా ఆవిడే పరుగెత్తేది. సంతకం మాత్రం వేలిముద్రే. రెండో తరగతిలో బడి ఎగ్గొట్టిన నేనే ఆవిడకు రాతగాణ్ణి. తప్పు రాస్తే ఆఫీసులో గుమాస్తా నవ్వేవాడు, ఆ నవ్వుకు ఒళ్లు మండి మళ్లీ రాసేవాణ్ణి. నా చదువంతా అదే. పశువుల గురించిన అర్జీ ఏదైనా ఒకేలా మొదలుపెట్టించేది: “అయ్యా, ఈ నోరులేని జీవానికి రాయడం రాదు గనుక నేను రాసుకొను అర్జీ.” “నీకూ రాదుగా అత్తా” అంటే, “నీకొచ్చుగా, నోరు మూసుకుని రాయరా” అనేది.

ఆవిడ బొడ్లో ఎప్పుడూ కటింగ్ ప్లేయరు ఉండేది. మిరప బస్తాల బండి కనపడితే చాలు, అడ్డం నిలబడి, తోలేవాడి చేతిలో ముల్లుగర్ర లాక్కుని, చివరనున్న మేకు పీకి, ఉత్త కర్ర చేతికిచ్చేది. వయసులో ఉండగా నేనూ పోటీలకు ఎడ్లు తోలాను, కుర్రాళ్లకూ తోలడం నేర్పాను. ఒక ఏడు ఇంకో బారెడు లాగితే గెలుపు నాదే అనగా ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది. మేకు దించాను. తొడ మీద నెత్తురు కారింది. జనం ఈలలు. ఆవిడ గిరిగీత దాటి నేరుగా లోపలికొచ్చి బండ మీద కూర్చుంది.

“తోలరా అల్లుడూ, నన్ను కూడా కలిపి తోలు. ముందు నీ వీపు ఇటు పెట్టు, మేకెంత లోతు దిగుద్దో చూద్దాం.”

పొద్దుగూకేదాకా లేవలేదు. నా మేకు పీకి నా చేతిలోనే పెట్టి, “దాచుకో” అంది. ఆవిడ బతికుండగా మా ఊళ్లో మళ్లీ బండ కదల్లేదు.

నిన్న మధ్యాహ్నమే కమిటీ పెద్ద దగ్గరికి పోయాను. వరసకు మనవడే.

“ఒరేయ్, ఆవిడ పేరు తీసెయ్.”

“ఏంది తాతా నీ గోల! పశువులంటే ఆమెకు ప్రాణమని ఊరంతా చెప్పుద్ది. గిత్తల పండగ కాక కుక్కలకు బంతిభోజనాలు పెట్టమంటావా?”

చుట్టూ ఉన్నవాళ్లు ఇకిలించారు.

“ఆపడానికి ఆ బండ మీదే కూర్చుందిరా ఆవిడ!”

“అందుకేగా ఆ బండకే ఆమె పేరు చెక్కించింది. పోయి చూసుకో.”

చూశాను. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నడిమధ్యన ఆవిడ పేరు లోతుగా చెక్కారు. రేపు గిత్తల్ని మేకులతో పొడిచి ఈడ్పించబోయేది ఆ పేరునే. పొడిచేవాళ్లకు ఆ విద్య నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను. అది తలుచుకుంటే వాడి మీది కోపం సగం నా మీదికే తిరిగింది.

ఇంటికొచ్చి తెల్లకాగితం తీశాను. తహసీల్దారు గారికి. రుజువుగా నా మేకు జతచేస్తున్నానని, పొడిచిన చెయ్యి నాదేనని కూడా రాశాను. మొదలు మాత్రం ఆవిడ నేర్పినట్టే: “అయ్యా, చనిపోయిన మనిషికి రాయడం రాదు గనుక నేను రాసుకొను అర్జీ.” ఆనాడు అక్షరాలు రాక కొట్టేసి మళ్లీ రాసేవాణ్ణి, ఈనాడు చూపు ఆనక కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. మధ్యలో ఒక జీవితకాలం గడిచిపోయింది, రాయాల్సిన అర్జీ మాత్రం అదే.