పితికిపప్పులో చెప్పని దినుసు

మొన్న ధనుర్మాసం చలిలో, పొద్దున కాఫీ తాగి ఫోను చేతిలోకి తీసుకుంటే, మా బంధువులంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో మా పెదనాన్నగారి మనవరాలు ఒక మాట రాసి ఉంచింది. మన వంశపు పితికిపప్పు కూర ఎలా చేయాలో కొలతలతో సహా రాయండి అత్తా, మన ఇంటి కూర రుచే వేరని అందరూ అంటారు కదా, అని. దాని కింద అప్పటికే ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వంశం అన్న మాట చూస్తే ఈ వయసులో కూడా నాకు సంతోషమే. కొలతలన్న మాటకు మాత్రం నవ్వొచ్చింది. మా ఇంట్లో వంటకు కొలతలు చెప్పే అలవాటు లేదు. ఆ మాటకొస్తే, వంటను పూర్తిగా చెప్పే అలవాటే లేదు.

నా ఈడువాళ్ళకు, అందులోనూ మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పుట్టి పెరిగినవాళ్ళకు, పితికిపప్పు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చలికాలంలో వచ్చే పచ్చి అనపకాయలు ఒలిచి, గింజలు నీళ్ళలో నానవేసి, ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పితికితే, తోలు చేతిలో ఉండిపోయి పప్పు తటాలున బయటికి దూకుతుంది. ఒక పూట కూరకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మధ్యాహ్నమంతా కూర్చోవాలి. అంతసేపు చేతులకు పని ఉండి నోటికి పని లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. మా తరం వంటలన్నీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరింది అలాంటి మధ్యాహ్నాల్లోనే.

మా కుటుంబానిది పుంగనూరు పక్కన ఒక పల్లె. అక్కడ మాకు మిద్దె ఇల్లు, గుర్రాల సాల, మామిడితోపు ఉండేవి. నేను పుట్టేనాటికి అందులో సగం మిగిలింది, నాకు ఊహ తెలిసేనాటికి అదీ లేదు. ఎలా పోయిందో మా పెద్దలు ఎవరికీ చెప్పుకోలేదు, నేనూ చెప్పుకోను. డెబ్బైల మొదట్లో మదనపల్లెకు వచ్చి, ఒకే వాకిలి చుట్టూ వరసగా ఉన్న అద్దె ఇళ్ళలో ఒకదాంట్లో చేరాం. నాయన పుంగనూరులో ఒక వేరుశనగ నూనె మిల్లులో పనికి కుదిరి రోజూ బస్సులో పోయివచ్చేవాడు. అమ్మేసిన మా ఇల్లు దారిలోనే కనపడుతుంది కనుక, ఎంత రద్దీగా ఉన్నా ఆయన బస్సులో రెండో వైపు చూసుకొని కూర్చునేవాడని అమ్మ ఒకసారి చెప్పింది.

ఆస్తి పోయినా అలవాట్లు పోలేదు. ధర అడగడం మా ఇంటి ఆడవాళ్ళకు తెలియని విద్య. వెనకటి రోజుల్లో సరుకులు బస్తాల్లో, బండ్ల మీద ఇంటికి వచ్చేవి. అంగడివాడే వాకిట్లో నిలబడి లెక్క ముగించుకొని పోయేవాడు. ఇప్పుడు అమ్మే అంగడికి పోవలసి వచ్చినా, ఇది కావాలి అని చెప్పడం, వాడు అడిగింది ఇవ్వడం తప్ప ఇంకో మాట ఆమె నోటి నుంచి వచ్చేది కాదు. దాంతో నెలాఖరుకు కాఫీలో చక్కెర బెల్లంగా మారేది, ఆ తర్వాత కాఫీయే మాయమయ్యేది. మా నాయన తల్లి, మేము అవ్వ అనేవాళ్ళం, బెల్లం కాఫీ ఒంటికి మంచిదని, అందుకే తాగుతున్నామని వాకిట్లో వినపడేట్టు అనేది.

మా గోడకు ఆనుకొని ఉన్న ఇంట్లో ఒక దర్జీ కాపురం ఉండేవాడు. ఆయన భార్యను నేను పిన్నమ్మ అని పిలిచేదాన్ని. ఇంట్లో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకునేవాళ్ళు, మాతో తెలుగే. పిన్నమ్మ సన్నగా, పొట్టిగా ఉండేది, నవ్వితే కళ్ళు కనపడేవి కావు. అమ్మ సంతలో అడిగినంత ఇచ్చి వస్తుందని ఆమె ఎలా కనిపెట్టిందో కానీ, ఒక సంత రోజు తన సంచీ కూడా పట్టుకొని మా వెంట బయలుదేరింది. పొద్దున పోకూడదట, పొద్దు వాలేటప్పుడు పోవాలట. రామసముద్రం నుంచి అనపకాయలు తెచ్చిన రైతులు ఆఖరి బస్సుకు తొందరపడే వేళ అది. పిన్నమ్మ కుప్ప ముందు కూర్చొని, ఒక కాయను గిల్లి వాసన చూసి పెదవి విరిచింది.

"ఏమప్పా, బస్సు పోతాండాది. ఇవి మళ్ళీ తలకెత్తుకోని యాడికి పోతావు?"

"బస్సు పోతే నడిచి పోతా గానీ, నువ్వు చెప్పే ధరకు ఇయ్యను తల్లీ."

"నడువు నడువు. ఇంట్లో నీ పెండ్లాం కూడా నా మాదిరే అడుగుతాది, యాల తెచ్చినావు తిరగా అని."

రైతు నవ్వేశాడు. నవ్వినవాడు ధర తగ్గించక తప్పదు. ఇంత జరుగుతున్నంతసేపూ మా అమ్మ రెండడుగుల దూరంలో, ఎదురుగా ఉన్న గాజుల అంగడిని ఎంతో శ్రద్ధగా చూస్తూ నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరి సంచీలూ నిండుగా ఉన్నాయి. అవ్వ మాత్రం సంచీని చూసి, "బేరమాడేదానికి మనుషుల్ని పెట్టుకొనే కాడికి వచ్చినామా?" అంది. అయినా అమ్మ మరుసటి సంతకు మళ్ళీ పొద్దు వాలేదాకా ఆగింది.

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు వాకిట్లో చాప పరచుకొని పితుకుతూ కూర్చున్నాం. పిన్నమ్మ తనకు తెలిసినదంతా దాపరికం లేకుండా చెప్పేది. టమాటాలు అగ్గువైన రోజుల్లో కోసి, ఉప్పు చల్లి మిద్దె మీద ఎండబెట్టుకుంటే చింతపండు ఖర్చు ఎంత తగ్గుతుందో, మిగిలిపోయిన సంగటిని మజ్జిగలో పిసికి ఉల్లిపాయ వేసి పోపు పెడితే పిల్లలు ఎలా ఎగబడతారో, కొత్తిమీర కాడలు పారేయకుండా పచ్చడి ఎలా నూరాలో, నూనె ఏ అంగట్లో కల్తీ లేకుండా దొరుకుతుందో, ఏ వీధిలో తూకం సరిగ్గా ఉండదో, అన్నీ. ఒకసారి అమ్మ గట్టిగా పితికిన గింజ ఎగిరిపోయి అవ్వ కళ్ళజోడుకు తగిలింది. "పెద్దమ్మా, కూర మిమ్మల్నే ఎతుక్కుంటా వస్తాండాది!" అని పిన్నమ్మ పొట్ట పట్టుకొని నవ్వితే, మూతి బిగించుకొని కూర్చున్న అవ్వ కూడా ఆపుకోలేక నవ్వింది.

ఆమె అంత చెబితే అమ్మ ఊరకే ఉండకూడదు కదా. అమ్మా మా ఇంటి వంటలు చెప్పింది. అయితే మా ఇంటి ఆచారం ఒకటుంది. అత్తగారు కోడలికి తప్ప వంటను ఎవరికీ పూర్తిగా చెప్పకూడదు. బయటివాళ్ళకు చెప్పేటప్పుడు ఒక దినుసు కడుపులో దాచుకోవాలి. మన ఇంటి రుచి మన ఇంట్లోనే ఉండాలన్నది అవ్వ మాట. దాచేది పెద్దరికం కోసమే తప్ప చెడ్డబుద్ధితో కాదు. భూములూ మిద్దే పోయాక మాకంటూ మిగిలిన సొత్తు ఆ దినుసులే. పితికిపప్పుకు అమ్మ అన్నీ చెప్పింది, ధనియాలు, చెక్కా లవంగం, అల్లం వెల్లుల్లి, పచ్చికొబ్బరి. నానబెట్టి నూరిన గసగసాల ముద్ద మాత్రం చెప్పలేదు. చక్కెర మానుకున్న నెలల్లో కూడా, ఎంత ఖరీదైనా గసగసాలు మాత్రం ఇత్తడి డబ్బాలో ఉండేవి. పక్కింట్లో కూర ఎలా వచ్చిందో తెలిసే దారీ లేదు, ఎందుకంటే మా ఇంటి నుంచి గిన్నె పోవచ్చు కానీ ఇంకో ఇంటి గిన్నె మా ఇంటికి రాకూడదన్నది అవ్వ పెట్టిన ఇంకో కట్టుబాటు.

సంక్రాంతి ఇంకా రాకముందు, ఒక సాయంత్రం పిన్నమ్మ పరుగున వచ్చింది. కుప్పంలో పట్టుగూళ్ళ వ్యాపారం చేసే ఆమె అన్న, మదనపల్లెలో పని పడి వస్తూ, మరునాడు మధ్యాహ్నం భోజనానికి వస్తానని మనిషితో చెప్పి పంపాడట. చేతిలో సూది తప్ప ఏమీ లేనివాణ్ణి కట్టుకుందని, ఆ అన్న పెళ్ళయిన నాటి నుంచీ ఆమె గడప తొక్కలేదు, పండుగకు పిలవలేదు. ఆ సంగతి అప్పుడే మొదటిసారి చెప్పింది. చెబుతూ నవ్వుతూనే ఉంది కానీ కొంగు వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

"మా అన్నకు పితికిపప్పంటే పానం అక్కా. నువ్వు చెప్పినట్టే చేస్తా. పెద్దింటి కూర తిన్నాడంటే, నా చెల్లెలు బాగానే ఉండాది అనుకుంటాడు."

ఆమె వెళ్ళాక అమ్మ గసగసాల ఇత్తడి డబ్బా దించి, మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. అవ్వ గ్రహించింది. "వాళ్ళ అన్నాచెల్లెళ్ళ సంగతి మనకు యాల? కూర కూరే. ఎట్లుంటే అట్ల తింటాడు" అంది. అమ్మ ఎదురు చెప్పే మనిషి కాదు. మరునాడు నాయన బస్సుకు పోయాక, గసగసాలు నానవేసి, రోట్లో వెన్నలా నూరి, గిన్నెలోకి తీసుకొని, తలమీద కొంగు సర్దుకొని పెరటి దారిన బయలుదేరింది. బడికి సెలవేమో, నేనూ వెంట నడిచాను. అవ్వ గుమ్మంలోనే కూర్చుని ఉంది. "ఆ గిన్నె తీసుకోని పోతే ఇంకేం మిగల్దు మనకు" అంది. అమ్మ ఆగింది, మళ్ళీ నడిచింది. అంతవరకు ఆమె ఇంకొకరి వంటింట్లో కాలు పెట్టి ఎరగదు.

లోపల కూర అప్పటికే ఉడికి కమ్మటి వాసన వస్తూ ఉంది. అమ్మ గడప దగ్గరే నిలబడి, గిన్నె ముందుకు చాపి అంది.

"అమ్మా, పితికిపప్పుకు నేను నీకొకటి చెప్పలేదు. మరిచిపోయి కాదు."

పిన్నమ్మ గిన్నెలోకి చూసింది, అమ్మ మొహంలోకి చూసింది. కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆమె గరిటెతో కొంచెం కూర తీసి ఆకు ముక్కలో పెట్టి అమ్మ చేతికిచ్చింది.

"ముందు ఇది సూడక్కా."

ఇంకో ఇంటి మెతుకు ముట్టని మనిషి ఆకు చేతిలో పట్టుకొని ఎంతసేపు నిలబడిందో. చివరికి నోట్లో పెట్టుకుంది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. కనుబొమలు పైకి లేచాయి. ఏమేశావని అడిగింది.

"నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తే నీళ్ళగా ఉండె అక్కా. నా సెయ్యే మంచిది కాదేమో అనుకున్న. సరేలే అని శెనక్కాయ విత్తనాలు దోరగా ఏంచి, కొబ్బరితో కలిపి నూరేసినా. మీ ఇంటాయన పోయే మిల్లు విత్తనాలు మాకూ అగ్గువగా దొరుకుతాయి కదా." అని, ఆ గిన్నె అమ్మ చేతిలోనే ఉంచి, ఆమెను పొయ్యి వైపు జరిపింది. "నువ్వు తెచ్చింది కూడా నీ చేత్తోనే ఎయ్యి. నా అన్న ఈ పొద్దు రెండిండ్ల కూర తింటాడు."

అమ్మ వేసింది. గరిటె కూడా తనే తిప్పింది.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగ్గా సహించలేదు. గోడ అవతల పళ్ళెం పెట్టిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. అవ్వ కూడా ముద్ద చేతిలో పట్టుకొని గోడ వైపు చెవి పెట్టింది. చాలాసేపటికి ఒక బొంగురు గొంతు ఉర్దూలో ఏదో అంది. నాకు అర్థమైంది ఒక్క మాటే, ఇంకొంచెం అని. ఆ తర్వాత పిన్నమ్మ ఏడుపు వినపడింది, దాని వెనకే నవ్వు. అవ్వ అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ అన్న కుప్పం నుంచి ఏటేటా వచ్చాడు, చింతపండూ రాగులూ మోసుకొని. మా అమ్మ ఆ రోజు నుంచీ గసగసాలు కొనడం మానేసింది. మిల్లు నుంచి నాయన తెచ్చే విత్తనాలు వేయించి నూరి వేసేది. కాఫీలోకి చక్కెర తిరిగి వచ్చింది. అవ్వకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె తిని, వేళ్ళు నాకి, గోడ అవతలికి వినపడేట్టు ఒకే మాట అనేది. "ఇదీ మన ఇంటి రుచంటే. ఇంకొకరి చేతికి రమ్మంటే వస్తాదా?" గోడ అవతల పిన్నమ్మ దగ్గు వచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకొనేదని తర్వాత ఆమే చెప్పింది. ఎనభైల నడుమ మేము ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ కూర అలాగే సాగింది. మా అమ్మ నాకు నేర్పిందీ అదే, బంధువుల ఇళ్ళకు నేను చేసి పంపిందీ అదే. అందరూ మెచ్చుకొనే మా వంశపు పితికిపప్పులో ఉన్నది దర్జీ భార్య నూరిన వేరుశనగ విత్తనాలు.

పెదనాన్నగారి మనవరాలికి ఈ మాటే రాశాను, ఏ దినుసూ దాచకుండా, ఎవరు ఇచ్చారో కూడా రాసి. క్షణంలో బొటనవేలు బొమ్మ వచ్చింది. దాని వెనకే, పితికిన పప్పు ప్యాకెట్లలో దొరుకుతోందట, పదినిమిషాల్లో ఇంటికే తెచ్చి ఇస్తారట, ఏ కంపెనీది మంచిదో చెప్పండి అత్తా అని ఇంకో ప్రశ్న. ఆ పిల్ల తప్పేమీ లేదు. ధర ఫోనులోనే రాసి ఉంటుంది, బేరం లేదు. ధర అడగడం చేతకాని మా అమ్మలాంటివాళ్ళకు ఎంత సుఖంగా ఉండేదో. అంగడి వేళలూ తూకం మోసాలూ చెప్పేవాళ్ళ అవసరమూ లేదు. ఇప్పుడు ఎవరూ ఎవరి దగ్గరా ఒక దినుసు దాచరు. కానీ ఆ దినుసు చేత్తో పట్టుకొని పెరటి దారిన ఎవరూ రారు కూడా.

నేను మాత్రం ఈ ఏడు కూడా కాయలే తెప్పించుకున్నాను. మధ్యాహ్నం చాప వేసుకొని ఒక్కదాన్నే పితుకుతూ కూర్చుంటే, అప్పుడప్పుడూ ఒక గింజ చేతిలో నుంచి ఎగిరి అవతలి గోడకు తగిలి కింద పడుతుంది. తల ఎత్తి అటు చూస్తాను.