వీపుమీది మాట

నా చిన్నప్పుడు చూసినవాటిలో నేను కాస్త తక్కువ పెంచి చెప్పేది ఇదొక్కటే.

పక్కింటి అక్క డిగ్రీ చదివేది. వాళ్ల అన్న కూలికి పోయిన ఎడారి దేశంలో బాంబులు పడుతున్నాయి, అతని జాడ తెలియడం లేదు. కాలేజీ పిల్లలు గుడ్డమీద 'యుద్ధం వద్దు' అని రాసి బజారులో నడిచారు. అందరికంటే ముందు అక్క. ఇన్‌స్పెక్టర్ ఆ గుడ్డను చింపించి లాఠీలకు పనిచెప్పాడు. అక్క ముంజేయి విరిగింది.

"గా మాట ఇగ నా కండ్లకు కనబడొద్దు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అక్క చేతికి కట్టు విప్పకముందే అదే మనిషి మా ఇంటికొచ్చాడు. వేములవాడలో గుడి చుట్టూ కోడెను తిప్పే మొక్కు ఉందట, కొత్త పంచె, కండువా నేసిమ్మని మగ్గం నేసే మా తాతయ్యకు హుకుం. తాతయ్య తలూపాడు. అక్కకు ఒళ్లు మండింది.

"నా చెయ్యి ఇరగ్గొట్టినోనికి బట్ట నేస్తవా తాతా? సిగ్గనిపిస్తలేదా?"

"జర ఆగు బిడ్డా. ఆని మొక్కుతోని మనది గూడ తీరాలె."

తాతయ్య కండువాను పలచగా నేసి, నడుమ కొన్ని అక్షరాల మేర మాత్రం దారం రెట్టించి ఒత్తుగా పోశాడు. తెలుపుమీద తెలుపు. గంజి దట్టించి ఇస్త్రీ చేశాక అక్క ఎంత వెతికినా ఏమీ కనిపించలేదు.

మొక్కునాడు మేమూ వెళ్లాం. ఇన్‌స్పెక్టర్ స్నానం చేసి, తడిబట్టలతోనే కోడెను పట్టుకుని గుడి చుట్టూ బయలుదేరాడు. కండువా వీపుకు అంటుకుంది. పలచనిదంతా చర్మంలో కలిసిపోయి, ఒత్తు దారం తెల్లగా తేలింది: యుద్ధం వద్దు.

"ఓ సారూ, ఈపుమీద ఏందో రాపిచ్చుకున్నవు!" అని ఒక ముసలమ్మ కేకేసింది. వెనక జనం పైకి చదివారు. మొదట నవ్వుతూ, తర్వాత నినాదంలా. మధ్యలో కోడెను వదిలితే మొక్కు చెడుతుందన్న భయంతో ఆయన పలుపు వదల్లేదు. విరిగిన చేతిని గుండెకు ఆనించుకుని అక్క అందరికంటే గట్టిగా అరిచింది. తాతయ్య ఆయన పక్కకు చేరి, ఎంతో వినయంగా, "మీ కండ్లకైతే కనబడ్తలేదు గద సారూ" అన్నాడు.

మర్నాడే పోలీసులొచ్చి మా మగ్గం విరగ్గొట్టారు. తాతయ్య ఆ కర్రలతోనే పొయ్యి రాజేసి, అక్కకు చాయ్ పెట్టించాడు.

వాళ్ల అన్న తిరిగి రానేలేదు. అక్క చెయ్యి ఇప్పటికీ వంకరే. అందుకే నేనూ ఆ లెక్క మాఫీ చేయలేదు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ జనాన్ని పెంచుతాను, కోడె చేత కూడా చదివిస్తాను. ఇన్‌స్పెక్టర్‌ను మాత్రం ఇన్నేళ్లుగా ఆ గుడి చుట్టూ తిప్పుతూనే ఉన్నాను. ఆ కండువాను ఒక్కసారీ ఆరనివ్వలేదు.