మూత వేసే ముందు చూసే మేడమ్

లింగంపల్లి చౌరస్తా ప్రజలకు, చెరువు గట్టు కప్పలకు, కొంగలకు, అద్దాల మేడల్లో కుళాయి తిప్పితే నీళ్లు వచ్చి తీరతాయని నమ్మే సాఫ్ట్‌వేర్ సోదర సోదరీమణులకు శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మా మేడమ్ పోయిన ఆదివారం బాచుపల్లిలో, దవాఖానకు చేరేలోపే గుండె ఆగి చనిపోయారు. ఆమె గురించి రాయదగిన పెద్దలు ఎందరో ఉండగా, సివిల్ ఇంజనీరింగు అత్తెసరు మార్కులతో గట్టెక్కిన నేను కలం పట్టడం ఘోరాపరాధం. చెరువు ఎండినా, సమ్మె సాగినా, ఈ వ్యాసం బాగోకపోయినా పూచీ నాదే. ఇక మొదలుపెడతాను.

ఆమెది కోస్తా. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి చెప్పి, చివరికి మా గుత్తేదారు దగ్గర ఉద్యోగానికి వచ్చారు. లింగంపల్లి వెనక చెరువు అంచున మేము తాగునీటి గొట్టం వేస్తున్నాం. చెరువుకూ దాన్ని నమ్ముకున్న ప్రాణులకూ వీలైనంత తక్కువ నష్టం జరిగేలా చూడటం ఆమె పని. వీలైనంత త్వరగా గొట్టం పూడ్చేసి బిల్లు పెట్టించడం నా పని. కాబట్టి మాకు రోజూ పేచీయే.

కందకం తవ్వితే ఒక పక్క ఏటవాలుగా మట్టి వదలాలి, పడిన తాబేలు తనంతట తాను ఎక్కి పోవాలి. కందకంలోంచి తోడిన బురద నీళ్లు తిన్నగా చెరువులోకి పోకూడదు, గుంటలో తేరుకున్నాకే పోవాలి. కొంగలు గూళ్లు పెట్టిన తుమ్మల దగ్గర, పిల్లలు ఎగిరేదాకా యంత్రం ఆగాలి. "మనం వెళ్లిపోయాక, మనం వచ్చినట్టే చెరువుకి తెలియకూడదండి" అనేవారు. డ్రైవర్నీ అండీ అనేవారు, కూలీనీ అండీ అనేవారు. సైటులో అందరూ ఆమెను చాటుగా కప్పల మేడమ్ అనేవాళ్లు. అది ఆమెకు తెలుసు. ఫోన్ చేస్తే "నేనండి, కప్పల మేడమ్‌ని" అనేవారు.

ఆమె నియమాల్లో ఇంకొకటి, గట్టున పేర్చిన, మనిషి పాకేంత వెడల్పున్న గొట్టాల నోళ్లకు సాయంత్రం ఇనుప మూతలు బిగించడం. లోపలికి ఏ ప్రాణీ దూరకుండా. దాన్ని మేము సరిగ్గా పాటించిన రోజు లేదు. తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యే ముందు రోజు మాత్రం పాటించాం. సమ్మె ఎన్నాళ్లో తెలియదు, బస్సులు ఆగేలోపు ఊళ్లకు చేరాలి. మేడమ్ సంతోషిస్తారని కూలీలు ఒక్క గొట్టం వదలకుండా మూతలకు బోల్టులు బిగించి వెళ్లారు. లోపల ఏముందో ఎవరూ చూడలేదు. చూడమని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మూత వేయమని మాత్రమే చెప్పారు.

రెండు రోజులయ్యాక కాపలా ముసలాయన ఆమెకు ఫోన్ చేశాడు. ఒక ముంగిస వదలకుండా గొట్టం మూతను గోకుతోందని. పిల్లలు లోపల ఉన్నాయని ఆమెకు అర్థమైంది. బోల్టులు విప్పే పానాలున్న గది తాళంచెవి నా జేబులో ఉంది. నేనేమో లింగంపల్లి చౌరస్తాలో, రోడ్డు మీద వంటావార్పులో, ఉద్యమం కోసం ఉల్లిగడ్డలు కోస్తున్నాను. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఆమె బాచుపల్లి నుంచి ఎండలో నడిచి వచ్చారు.

మా ఉద్యమ జట్టుకు పెద్ద అయిన గడ్డం అన్న అడ్డంగా నిలబడ్డాడు. "ఏంది మేడమ్, బంద్ అని ఎర్కలేదా?"

"తెలుసండి. పనికి రాలేదు. ఒక మూత తీయించడానికి వచ్చాను." విషయమంతా చెప్పారు.

వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "ముంగిసకు తెలంగాణ కావాల్నా వద్దా, జర అడిగి చెప్పుండ్రి మేడమ్."

"అడుగుతానండి. బయటికి వచ్చాక."

గరిటె తిప్పేవాడు ఆగాడు.

"పైపు ఆంధ్రా కాంట్రాక్టర్ది గని, ముంగిస మనదే రా" అన్నాడు గడ్డం అన్న. నా వైపు తిరిగి, "నువ్వు గూడ పో. మూత ఒక్కటే తియ్యి. ఇంకో బోల్టు ముట్టినవంటే చూడు" అన్నాడు.

మూత తీయగానే పొయ్యి నోరు తెరిచినట్టు వేడి ముఖాన కొట్టింది. తల్లి ముంగిస గడ్డిలోకి పారిపోయి అక్కణ్నుంచి చూస్తోంది. పిల్లలు దూరంగా, గొట్టం నడిమధ్యలో ఉన్నాయి. మేడమ్ వాటిని చున్నీలో మూటగట్టి తెచ్చారు. ఒక్కదానికే ఊపిరి ఉంది. అన్నిటినీ గడ్డి మీద పెట్టి మేం దూరం జరిగాం. తల్లి వచ్చి, బతికున్న దాన్ని నోట కరుచుకుని పోయింది. మళ్లీ వచ్చింది. చనిపోయినవాటినీ ఒక్కొక్కటిగా మోసుకుపోయింది.

"మూత వేయమన్నది నేనేనండి" అన్నారు మేడమ్.

ఆ తర్వాత పని పూర్తయ్యేదాకా, మూత వేసే ముందు ప్రతి గొట్టం ముందూ ఆమే మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూసేవారు. మోకాళ్ల దగ్గర బురదతోనే ఆఫీసు మీటింగుల్లో కూర్చునేవారు. ఇప్పుడు గొట్టం భూమిలో ఉంది. మణికొండలో నా కిరాయి గదికి ఆ నీళ్లే వస్తాయి. చెరువు అంచున తుంగ మళ్లీ మొలిచింది.

మొన్న మేడమ్ వాళ్లింట్లో ప్రార్థన కూటం అయ్యాక, వాళ్లాయన నా చేతులు పట్టుకున్నారు. "ఆ రోజు గొట్టంలోకి మీరు కూడా వెళ్లారట కదండీ. ఆవిడ ఎప్పుడూ చెప్పేది" అన్నారు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను గౌరవంగా చూశారు.

నేను వెళ్లలేదు. ఆ రోజు నేను చేసిందల్లా గొట్టం నోటి దగ్గర కూర్చుని లైటు పట్టుకోవడం. ఆ వెలుగులో నాకు కనిపించింది, చెప్పులు బయట విడిచిన ఆమె అరికాళ్లు. దుమ్ము పట్టి, పొక్కులెక్కి, కాలుతున్న ఇనుము మీద, లోపలికి, ఇంకా లోపలికి పోతూ.