సొంత చేలో కొబ్బరికాయ

కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టి కళ్లు మూసుకోవడం గురవయ్య అలవాటు. కొమరోలు చుట్టుపక్కల ఎవరు బోరు వేయించాలన్నా ముందు ఆయన వచ్చి చేనంతా నడవాలి. నీళ్లున్న చోట కాయ నిటారుగా లేస్తుంది. సొంత చేలో మాత్రం చూసుకోకూడదని, ఆ పని నేర్పిన నాయన చెప్పిపోయాడు. ఎందుకో చెప్పలేదు.

ఈ వేసవిలో గురవయ్య బోరే ఎండిపోయింది. బత్తాయి చెట్లు ఆకు ముడిచాయి. నీళ్లు చూసేవాళ్లు మరో ఇద్దరు వచ్చి, లేవని తేల్చి పోయారు.

ఆ సాయంత్రం పడమటి చుక్క నెలవంక దగ్గరికి జరుగుతూ జరుగుతూ, దాని చీకటి అంచున చటుక్కున ఆరిపోయింది.

"అయ్యో, చుక్క యాడికి పోయిందయ్యా?" అంది భార్య ఆదిలక్ష్మమ్మ.

"చందమామ ఎనక్కి పోయినాది. మళ్లా బయటికొస్తే రేపు మన చేన్లోనే కాయ పట్టుకుంటా."

"మీ నాయన వద్దన్నాడు గదా?"

"ఆయనకేంది, పోయినాడు. ఎండిపోయే చెట్లు నాయి."

"రాకపోతేనో?"

"నోరు మూసుకొని చూడుమే."

అన్నం చల్లారిపోయింది. ఇద్దరూ కళ్లు లాగేదాకా చూశారు. చుక్క వెలుగు అంచున మళ్లీ వచ్చింది. ఆదిలక్ష్మమ్మ దండం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే గురవయ్య తన చేలో నడిచాడు. మొదటి అడుగులోనే కాయ లేచింది. రెండో అడుగులోనూ లేచింది. గట్టు మీద లేచింది, బండరాయి మీదా లేచింది. నీళ్లు కావాలన్న ఆశతో దాన్ని లేపుతున్నది తన చెయ్యేనని ఆయనకు తెలిసిపోయింది. నాయన ఎందుకు వద్దన్నాడో కూడా తెలిసింది. కాయను గట్టు మీద పెట్టి, గొడ్డలి తీసుకుని మొదటి బత్తాయి చెట్టు దగ్గరికి వెళ్లాడు.