పీచు అందని సందులు

నా కోపం సంగతి మా పుట్టిల్లు పెనుగొలనులో అందరికీ తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదని కూడా తెలుసు. అలాంటిదాన్ని తీసుకెళ్లి తిరువూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషికి కట్టబెట్టారు. ఆయన రోజుకు నాలుగు మాటలు మాట్లాడతారు. "ఇదిగో" అంటే నన్ను పిలిచినట్టు. "ఊఁ" అంటే కూర బాగున్నట్టు. "వస్తా" అంటే బడికి వెళ్తున్నట్టు. నాలుగోది "లైటు". అంటే ఆర్పమని. పెళ్లయి ఎనిమిది నెలలైనా ఐదో మాట పుట్టలేదు.

మనిషి చెడ్డవారు కాదు. అదే నా బాధ. కొట్టేవాడో తాగేవాడో అయితే నలుగురికీ చెప్పుకుని ఏడవచ్చు. మాట్లాడరని ఎవరితో చెప్పుకోను? "అదృష్టవంతురాలివే తల్లీ" అంటారు. నాకు ఒకటే కోరిక ఉండేది. ఈ మనిషి ఒక్కసారి నా మొహం చూసి, ఇదెవరో తెలుసుకుందామని అనుకోవాలి.

ఆయన చూసేది నాణేలను. సాయంత్రం బడి నుంచి రాగానే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, భూతద్దం పట్టుకుని, తామరపువ్వు ఉండే పసుప్పచ్చ ఇరవై పైసల బిళ్లలు తిప్పి తిప్పి చూసేవారు. వీధి చివర కిరాణా కొట్టాయనా, విస్సన్నపేట బస్సు కండక్టరూ ఆ బిళ్లలు వస్తే ఆయన కోసం పక్కన పెట్టేవారు. వందల్లో చూసి, ఎప్పుడో ఒకటి ఉంచుకుని, మిగతావి తిరిగిచ్చేసేవారు. అలా ఉంచుకున్నవి పదకొండు. ఒక్కోదాన్నీ కాగితంలో పొట్లం కట్టి, పైన అంకె వేసి, బిస్కెట్ల డబ్బాలో దాచారు. ఎందుకండీ ఇవి అని అడిగితే "ఊఁ" అన్నారు. కూరకీ అదే ఊఁ, దీనికీ అదే ఊఁ. ఒళ్లు మండిపోయింది నాకు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ఆ తామరపువ్వు బిళ్లల్లో బంగారం కలిసిందని ఆ రోజుల్లో ఊరంతా ఒకటే పుకారు. బంగారం మాట దేవుడెరుగు, లక్ష్మీదేవి కూర్చునే పువ్వు కదా అని ఆడవాళ్లం వాటిని వ్రతంలో కలశం ముందు పెట్టుకునేవాళ్లం. మా ఇంట్లో పదకొండు పెట్టుకుని పక్కింట్లో అడుక్కోవడం దేనికి? ఆయన బడికి వెళ్లగానే పొట్లాలు విప్పాను. ఛీ, ఒక్కోటీ నల్లగా, మట్టిగొట్టుకుని ఉంది. చింతపండూ ఇటుకపొడీ వేసి కొబ్బరిపీచుతో వేళ్లు మండేదాకా తోమాను. తోమడంలో నన్ను మించినవాళ్లు లేరు. పదకొండూ కొత్త పెళ్లికూతుళ్లలా మెరిశాయి. ఆయన వచ్చి చూసి ఐదో మాట అంటారని ఆశ. ఇప్పుడు దాచుకోవడం దేనికి, ఆ రోజు పూజ మీద కన్నా ఆ ఆశ మీదే నాకు ధ్యాస.

ఆయన వచ్చారు. కలశం ముందు బిళ్లలు చూశారు. పీట మీద ఖాళీ కాగితాలు చూశారు. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు.

"ఏమండీ, ఏమైందండీ?"

కాగితాలు ఒళ్లో వేసుకుని వాటి మీది అంకెలే చూస్తున్నారు.

"తప్పు చేస్తే తిట్టండి! నాలుగు తగిలించండి! ఇలా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది!" అని అరిచాను.

అప్పుడు చెప్పారు. తిట్టలేదు. బళ్లో పిల్లలకు చెప్పినట్టు మెల్లగా చెప్పారు. నాణేలు కొట్టే ఉక్కు అచ్చును తయారుచేసేటప్పుడు దాని మీద బొమ్మను ఒకటికి రెండుసార్లు నొక్కుతారట. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు జరిగితే అచ్చులోనే గీతలు జంటగా పడతాయి. ఇక ఆ అచ్చు కొట్టిన ప్రతి బిళ్లలోనూ అంకె పక్కన నీడలా ఇంకో అంకె ఉంటుంది. ఈ పదకొండూ ఆ ఒక్క అచ్చు పిల్లలే. అలాంటివి మొత్తం ఎన్ని పుట్టాయో ఎవరూ రాసిపెట్టరు. తెలియాలంటే అచ్చు ఎంత అరిగిందో చూడాలి. కొత్త అచ్చు కొట్టిన బిళ్ల పదునుగా ఉంటుంది. కొట్టగా కొట్టగా గీతలు మొద్దుబారతాయి. దొరికినవన్నీ పదునుగా ఉంటే, తప్పు కనిపెట్టి ఆ అచ్చును తొందరగా తీసేశారని, బిళ్లలు కొన్నేనని లెక్క. మొద్దువీ బాగానే దొరికితే, అది ముసలిదయ్యేదాకా పనిచేసిందని, బిళ్లలు లక్షల్లో ఉంటాయని లెక్క. రెండేళ్లు చూసి ఆయన పదును నుంచి మొద్దు దాకా వరస కట్టారు. కాగితాల మీది అంకెలు ఆ వరసే. ఆదివారం బెజవాడలో, నాణేలు పోగుచేసే పెద్దల ముందు ఆయన మాట్లాడాలి. లక్షల్లో ఉన్నాయని చెప్పాలి.

"ఇప్పుడు అన్నీ ఒకేలా అరిగిపోయాయి. వరస పోయింది," అన్నారు.

ఆయన నోట అన్ని మాటలు వినడం అదే మొదలు. వినాలని ఎంత తపించానో, ఆ మాటలు నాకు ఇలాగా రావాలి! ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు.

శనివారం ఆయన బడికి వెళ్లాక భూతద్దం తీశాను. ముట్టుకోకూడదనే అనుకున్నాను, ఆగలేకపోయాను. చూస్తూ చూస్తూ ఉంటే ఇదేదో నాకు తెలిసిన సంగతే అనిపించింది. మా పుట్టింట్లో పువ్వులున్న ఇత్తడి కుందులు రెండు జతలు ఉండేవి. ఒక జత రోజూ తోమేది. రేకుల మీద గట్లు అరిగి నున్నగా అయ్యాయి గానీ, సందుల్లోకి పీచు దూరదు కదా, అక్కడ కొత్తవాటిలాగే ఉండేది. రెండో జత పోత సరిగ్గా కుదరనిది. దానికి సందులు కూడా పుట్టుకతోనే మొద్దు.

ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

"గట్లు చూడకండి. సందులు చూడండి. రేకుకీ రేకుకీ మధ్య, ఇరవైలో సున్నా లోపల. అక్కడికి నా పీచు వెళ్లదు, మనుషుల జేబులూ వెళ్లవు, కండక్టరు సంచీ వెళ్లదు. అక్కడ మొద్దుగా ఉంటే పాపం అచ్చుది. పదునుగా ఉంటే అచ్చు కొత్తదే, బిళ్లే చేతుల్లో పడి నలిగింది."

ఆయన చూశారు. ఒకటి, ఇంకొకటి, మళ్లీ మొదటిది. ఒక్కోటి చూసి నాకిచ్చారు. నేనూ చూశాను. తొమ్మిది పదునువి, రెండే మొద్దువి.

"నేను జేబుల అరుగుదలను అచ్చు అరుగుదల అనుకున్నాను," అన్నారు ఆయన. "లక్షలు కాదు. ఆ అచ్చును ముందే తీసేసి ఉంటారు. చాలా తక్కువ ఉంటాయి. అదీ గట్టిగా చెప్పకూడదు. పదకొండే కదా, అవీ మన బస్సుల్లో తిరిగినవి."

"మరి రేపు బెజవాడలో?"

"తప్పు లెక్క చెప్పి పరువు తీసుకునేవాణ్ణి. ఎక్కడ పొరబడ్డానో అదే చెప్తాను." ఆయన నవ్వారు. ఆయనకు నవ్వు వచ్చని కూడా నాకు అప్పుడే తెలిసింది. తర్వాత ఒరుసుకుపోయిన నా వేళ్లు చూశారు.

"ఇంత బాగా తోమడం నీకెవరు నేర్పారు?"

నా గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. అమ్మ లేదని పెళ్లిచూపుల్లో మావాళ్లు చెప్పారు గానీ, ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

"ఎవరూ నేర్పలేదండీ. నా తొమ్మిదో ఏట అమ్మ పోయింది. తమ్ముళ్లకు అన్నం వండాలంటే ముందు గిన్నె తోముకోవాలి కదా."

ఆయన చేతిలోని బిళ్ల కింద పెట్టేశారు.

"తొమ్మిదో ఏటా?" అన్నారు. కుర్చీ నా వైపు తిప్పుకుని, "తర్వాత?" అన్నారు.

అమ్మ పోయాక ఇన్నేళ్లలో తర్వాత అని నన్ను అడిగినవాళ్లు లేరు. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పడం మొదలుపెట్టాను.