నంది కనుమ ఎక్కించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ఒకప్పుడు మోటారు సైకిలు చప్పుడు చెవిన పడితే చాలు చేతిలో గిన్నె జారవిడిచి గోడకు ఒదిగిపోయే ఆడమనిషిని నేను. ఈ ఆళ్ళగడ్డలో పుట్టి పెరిగిన దేవదానం గారి భార్యను, మీ ఊరి కోడలిని, సుగుణమ్మను. మీలో పెద్దవాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. నా చీకటి కాలాన్ని గురించి, అందులోనుంచి ప్రభువు నన్ను బయటికి తెచ్చిన తీరును గురించి ఈ ఉదయం మీ ముందు చెప్పుకోవాలని నిలబడ్డాను.

డెబ్భైల ఆఖరులో మేము నంద్యాలలో కాపురం ఉండేవాళ్ళం. నా భర్త సువార్తికుడు. నంద్యాల నుంచి గిద్దలూరుకు పోయే దారిలో నల్లమలను దాటాలంటే నంది కనుమ ఎక్కి దిగాలి, ఆ కనుమ అవతల అడవిలో ఒక చెంచుగూడెం ఉంది, అక్కడ పది పదిహేను కుటుంబాలు ప్రభువును నమ్ముకొని ఉన్నాయి. ప్రతి వారం ఆయన మోటారు సైకిలు మీద ఆ ఘాటు రోడ్డు ఎక్కి, గూడెంలో ఆరాధన జరిపించి, జబ్బున్నవాళ్ళకు మందులిచ్చి వచ్చేవాడు. నేనూ వెనక కూర్చొని పోయేదాన్ని. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో పాములాగ మెలికలు తిరిగే రోడ్డు, ఎంత బాగుండేదో చెప్పలేను!

ఒక వానాకాలం మధ్యాహ్నం మేము తిరిగి వస్తూ కనుమ దిగుతుండగా, ఎదురుగా వెదురు బొంగులు నింపుకొని ఎక్కుతున్న లారీ మలుపులో మా వైపుకు వచ్చేసింది. ఆయన బండిని పక్కకు తిప్పాడు, తడి రోడ్డు మీద చక్రం నిలవలేదు, బండి జారి మేమిద్దరం రాళ్ళ మీద పడ్డాం, బండి ఆయన కుడికాలి మీద పడింది. నాకు చెయ్యి గీసుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. ఆ లారీవాళ్ళే మమ్మల్ని ఎత్తుకొని నంద్యాలకు చేర్చారు. కాలు దక్కలేదు, సహోదరులారా, మోకాలి కింద తీసేశారు.

ఆయన చంకకర్ర పట్టుకొని ఇంటికి వచ్చాడు గాని, ఆయన మనసు ఇంటికి రాలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి గోడకు మొహం తిప్పుకొని పడుకునేవాడు. ఇక నా సంగతి! ఒంటికి దెబ్బ తగలని నాకే పెద్ద జబ్బు పట్టుకుంది. వీధిలో బండి పోతే చేతులు వణికేవి, చెమటలు పట్టేవి, అన్నం గొంతు దిగేది కాదు. బస్సు ఎక్కితే సగం దారిలో దిగిపోయేదాన్ని. మందులు మింగాను, తగ్గలేదు. గాలి సోకిందని ఇరుగుపొరుగువాళ్ళు తాయెత్తు తెచ్చారు, మా అత్త దాన్ని వీధిలోకి విసిరేసి, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకొని ప్రార్థన చేసింది. ఆ తల్లి రుణం ఎలా తీర్చుకోగలను!

బండి మాత్రం బాగుపడి వచ్చింది. పెరట్లో గోనెపట్టాలు కప్పి పెట్టాం. అమ్మడానికి ఆయనకు మనసు రాలేదు, చూడటానికి నాకు ధైర్యం రాలేదు.

అలా ఏడాది గడిచాక ఒక ఉదయం ఈదన్న మా వాకిట్లోకి వచ్చాడు. చెంచుగూడెంలో మొదట ప్రభువును నమ్మినవాడు అతనే, తల నెరిసిన మనిషి. అంత దూరం, కనుమ దిగి, అడవిదారిన నడిచి వచ్చాడు! భుజం మీద దుప్పటి తీసి కింద పరుచుకొని కూర్చొని, నా భర్తతో అన్నాడు:

"అయ్యా, నువ్వు రాక మా గూడెం చిన్నబోయింది. బిడ్డలు పాటలు మర్సిపోతాండారు. క్రిస్మసుకన్నా వస్తావా?"

ఆయన కాలు లేని వైపు పంచె సర్దుకొని, పెద్దగా ఏడ్చాడు. కాలు తీసేసిన రోజు కూడా ఏడవని మనిషి! ఈదన్న గంజి తాగి వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి పోయి తలుపు వేసుకొని మోకాళ్ళ మీద పడ్డాను. నాకు పెద్ద పెద్ద మాటలు రాలేదు.

"ప్రభువా, ఆయనకు కాలు లేదు, నాకు ధైర్యం లేదు, పెరట్లో బండి ఉంది. ఉన్నదాన్ని నువ్వు వాడుకో, లేనిదాన్ని నువ్వే ఇయ్యి."

లేచి నేరుగా పెరట్లోకి పోయి గోనెపట్టాలు లాగేశాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆయన దగ్గరికి వచ్చి, "నాకు బండి నేర్పించండి" అన్నాను. ఆయన చంకకర్ర అందుకున్నాడు. మా అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఏందే సుగుణా, ఒకరికి కాలు పోయింది సాలదా? ఆడకూతురువి కొండెక్కుతావా?"

"అత్తా, మీరు ప్రార్థన చెయ్యండి, నేను ఎక్కుతాను" అన్నాను.

రైసుమిల్లు వెనక వడ్లు ఆరబోసే బయలులో నేర్చుకున్నాను, సహోదరీలారా! చీర కింద ఆయన ప్యాంటు తొడుక్కొని, కొంగు నడుముకు బిగించి, కిక్కు కొడితే అది ఎదురు తన్ని కాలు వాచేది. పడ్డాను, లేచాను. మిల్లు కూలీలు పని ఆపి చూసేవాళ్ళు. "ఏందప్పా ఈ కాలం, అయ్యగారమ్మ బండెక్కింది!" అని నవ్వేవాళ్ళు. నా భర్త చంకకర్ర ఊపుతూ, "క్లచ్చి నిదానంగా వదులు! నిదానంగా!" అని అరిచేవాడు. ఏడాదిగా గోడ చూస్తూ పడుకున్న మనిషి అరుస్తున్నాడు! అది విని నా కడుపు నిండిపోయేది. లైసెన్సు పరీక్షకు పోతే ఆఫీసరు నా వెనకకు చూసి, "నడిపేది ఎవరమ్మా?" అని అడిగాడు. ఎనిమిది అంకె లాగ తిప్పి చూపించాను, ఒక్కసారీ కాలు నేల మీద పెట్టకుండా!

క్రిస్మసు ముందు ఒక తెల్లవారుజామున, ఆయనను వెనక కూర్చోబెట్టుకొని, చంకకర్రను బండి పక్కన కట్టుకొని బయలుదేరాను. గాజులపల్లె దాటేదాకా బాగానే ఉంది. ఘాటు మొదలయ్యింది, బండి మూలుగుతూ ఎక్కుతోంది. మేము పడిన మలుపు రానే వచ్చింది. సరిగ్గా అప్పుడే పైనుంచి బస్సు హారను మోగించుకుంటూ దిగింది. అంతే, నా చేతులు కట్టెలయిపోయాయి! బండిని అంచుకు ఆపేశాను, ఇంజను ఆగిపోయింది. పక్కన లోయ. పాత వణుకు కాళ్ళ నుంచి తల దాకా పాకింది.

"నా వల్ల కాదండీ, దిగండి, బస్సులో వెనక్కు పోదాం" అని ఏడ్చాను.

ఆయన రెండు చేతులూ నా భుజాల మీద వేసి, చాలా నెమ్మదిగా అన్నాడు: "నేను దిగను సుగుణా. కాలు పోయిన తావులోనే కూర్చోనుండాను సూడు, నాకు బయం ల్యాదు. నువ్వు తోలుతాండావు గాబట్టే ల్యా. ప్రార్థన చేసి పోనియ్యి."

నేను కళ్ళు మూసుకోలేదు, లోయను చూస్తూనే ప్రార్థించాను. "యేసయ్యా, ఈ చేతులు నీవి. వీటిని పట్టుకో." ముందు బ్రేకు బిగబట్టి కిక్కు కొట్టాను, ఒక్క దెబ్బకే ఇంజను అందుకుంది. గేరు వేసి క్లచ్చి వదిలాను, నిదానంగా, ఆయన చెప్పినట్టే. బండి ఎక్కింది, సహోదరులారా! ఆ మలుపు ఎక్కింది, పై మలుపూ ఎక్కింది, కనుమ కొసకు చేరి చూస్తే నా చేతులు రాయిలాగ స్థిరంగా ఉన్నాయి. ఆ వణుకు ఎక్కడ పోయిందో నాకు తెలియదు, మళ్ళీ తిరిగి రాలేదు. దేవునికే మహిమ!

గూడెంలో మమ్మల్ని చూసి ఈదన్న ముందు బండిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత గుడిసెల వైపు తిరిగి గొంతెత్తాడు. "రాండి, అందరూ బేగా రాండి! అమ్మ అయ్యను తోలుకొచ్చింది!" ఆ పూట నా భర్త ఒంటికాలి మీద నిలబడి వాక్యం చెబుతుంటే, మా సంగతి తెలిసినవాళ్ళు ఏడ్చారు, తెలియనివాళ్ళు కూడా ఏడ్చారు.

ఇన్నేళ్ళలో ఆయనను వెనక కూర్చోబెట్టుకొని ఎన్నిసార్లు ఆ కనుమ ఎక్కానో లెక్క పెట్టలేదు. అహోబిలం అడవిదారిన పోయాను, శ్రీశైలం ఘాటు దాటి సున్నిపెంటలో ప్రార్థన కూడికలకు పోయాను. ఇప్పుడు బస్సు డ్రైవర్లు నన్ను చూస్తే హారను కొట్టి దారి ఇస్తారు. మా అత్తనయితే అడగవద్దు, సంతలో కూరగాయలు బేరం చేస్తూ కూడా, "మా కోడలు కొండ మీద బండి తోల్తాది, తెలుసునా?" అని చెప్పుకుంటుంది! నేనూ గర్వంగానే చెబుతున్నాను, అది నా గొప్ప కాదు, ప్రభువు చేసిన కార్యం గనుక దాచుకోను.

ప్రియులారా, మీలో కొందరు మీ కనుమ కింద నిలబడి, భయం పోయాక ఎక్కుదామని ఎదురుచూస్తున్నారు. అలా ఎదురుచూడవద్దు. వణికే చేతులతోనే ప్రభువును నమ్మి బయలుదేరండి. నా భయం ఇంట్లో పోలేదు, ఆ మలుపులో, లోయ పక్కన పోయింది. మీది కూడా దారిలోనే తీసేస్తాడు. ఆయన నామానికే స్తోత్రం!